లిఫ్టు వాడని ఆదివారం

కట్టు కట్టించుకునేవాడు కిసుక్కుమని నవ్వుతుంటే ఎంత నేర్పరి కట్టినా ఆ కట్టు నిలవదు. అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టుకునే చోట, సిమెంటు నేల మీద చాప పరిచి బస్తా మోకాలికి పట్టీ చుడుతున్న నర్సమ్మకి అప్పటికే ఓపిక అయిపోయింది.

"కాలు విరిగినవాడు నవ్వడు. మూలగరా!"

"చక్కిలిగింతలు పెడుతూ మూలగమంటే ఎలా?" అన్నాడు బస్తా.

వాళ్ళ నాన్నది సిమెంటు కొట్టు. చిన్నప్పటినుంచీ బస్తాలు మోసి మోసి భుజాలు అలా తయారయ్యాయి, పేరూ అలాగే స్థిరపడింది. నర్సమ్మ నిజంగానే నర్సింగు మొదటి ఏడాది చదువుతోంది. ఇక గోడకి ఆనుకుని తాడుకి ముడులు వేస్తూ విప్పుతూ ఉన్నవాడు పొడుగు. వాడి గురించి వేరే చెప్పక్కర్లేదు. వీళ్ళందరి మీదా అజమాయిషీ మైకుది. ఐదో అంతస్తులో నిలబడి పిలిస్తే వీధి చివర కొట్టువాడు కూడా "ఏంటమ్మా" అని పలికేంత గొంతు ఆ పిల్లది. యువజన కేంద్రంలో ప్రథమ చికిత్స, ప్రమాదాలప్పుడు జాగ్రత్తల మీద శిక్షణ ఇచ్చిన మాస్టారు, "డ్రిల్లు నడపాలంటే ముందు గొంతు ఉండాలి" అని నాయకత్వం ఆమె చేతిలో పెట్టారు.

శిక్షణ పూర్తయ్యాక ప్రతి జట్టూ తాము ఉండే చోటే ఒక డ్రిల్లు చేసి చూపించాలి. నిప్పంటుకుందనుకుని గంట కొడతారు. భవనంలో ఉన్న ప్రతి ఒక్కరూ మెట్ల మీదుగా క్షేమంగా వీధిలోకి చేరాలి. మైకు జట్టు డ్రిల్లు ఈ ఆదివారమే.

అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ గారు మెట్లు దిగి వచ్చారు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. చొక్కా మడత నలగదు, మాట మడత కూడా నలగదు. గోడకి అంటించిన చార్టు ముందు నిలబడి, మైకు రాత్రంతా కూర్చుని గీసిన భవనం బొమ్మనీ, ఎర్ర బాణాల్నీ మెచ్చుకోలుగా చూశారు. నాలుగో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది.

"ఇక్కడ మీ పిన్నిగారు ఉంటారు కదమ్మా?"

"అవునంకుల్. మా ఇంట్లోనే."

"ఆవిడ సంగతి నేను ఆలోచించాను. పాపం, మెట్లు దిగలేరు. డ్రిల్లు మొదలవడానికి ఓ అరగంట ముందే లిఫ్టులో కిందికి తీసుకొచ్చేయ్. నీడపట్టున కుర్చీ వేయిద్దాం. చల్లగా ఏదైనా తాగుతూ చూస్తారు. ఆవిడకీ కష్టం ఉండదు, మనకీ అడ్డం ఉండదు."

మైకుకి ఆ మాట ఎంతో బాగా తోచింది. ఒక చిక్కు దానంతటదే విడిపోయినట్టనిపించింది. "థాంక్స్ అంకుల్!" అంది, రెండో అంతస్తు దాకా వినపడేలా.

పైకి వెళ్ళేసరికి పిన్ని కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఒళ్ళో పలక పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. హైస్కూల్లో లెక్కల టీచరు. కాళ్ళు చిన్నప్పటినుంచీ పనిచేయవు. అలాగని ఆవిడ దేనికీ ఆగింది లేదు. పొద్దున్నే చక్రాల కుర్చీలో లిఫ్టు దాకా, లిఫ్టులోంచి మూడు చక్రాల స్కూటరు దాకా, స్కూటరు మీద బడి దాకా. ఆ భవనంలో అందరికంటే ముందు వీధిలో పడేది ఆవిడే.

మైకు సెక్రటరీ గారి ఏర్పాటంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నీడపట్టు సంగతీ, చల్లటి పానీయం సంగతీ మరింత రంగేసి చెప్పింది.

పిన్ని ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"ఏర్పాటు మంచిదే. నాదో చిన్న సందేహం. నిజంగా నిప్పంటుకున్న రోజున, ఆ నిప్పు అరగంట ముందు నాకు ఫోన్ చేసి చెప్తుందా?"

మైకు నోరు తెరిచింది. ఆ నోరు తెరుచుకున్నాక అందులోంచి మాట రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"కోప్పడట్లేదే," అంది పిన్ని. "సందేహమొచ్చింది, అడిగాను అంతే." మళ్ళీ మూత తీసి పేపర్ల మీదికి వంగింది. ఎవరో పిల్లవాడు కూడికలో ఒక అంకె మరిచిపోయినట్టున్నాడు, దాని చుట్టూ సున్నా చుట్టింది.

మైకు కిందికి వెళ్ళి చార్టు ముందు నిలబడింది. నాలుగో అంతస్తులో అమ్మకి బాణం ఉంది, నాన్నకి ఉంది, తనకి ఉంది. రాత్రి బొమ్మ గీస్తున్నప్పుడు సెక్రటరీ గారు పక్కన లేరు. పిన్నికి బాణం వేయకుండా వదిలేసింది తనే.

*

"మెట్ల మీద మోసుకురావచ్చు. ఎందుకు కూడదూ?" అన్నారు మాస్టారు మర్నాడు. పాతికేళ్ళు ఫైరింజను మీద పనిచేసిన మనిషి కాబట్టి ఆయనకి ఏదీ వింతగా అనిపించదు. "చక్రాల కుర్చీ బరువు, దాన్ని మోయకండి. చేతులు లేని గట్టి చెక్క కుర్చీ తీసుకోండి. మనిషిని ఛాతీ దగ్గరా మోకాళ్ళ దగ్గరా వెడల్పాటి బట్టతో కట్టండి. వెనకవాడు కుర్చీ వీపు పట్టుకోవాలి. ముందువాడు కుర్చీ ముందరి కాళ్ళు పట్టుకోవాలి. ఇంకొకరు ముందువాడి వీపు మీద చెయ్యేసి మెట్టు మెట్టూ చెప్తుండాలి. మొదట ఖాళీ కుర్చీతో చేయండి. తర్వాత బరువుతో. తర్వాత మీలో ఒకరితో. చివరికి ఆవిడతో. ఒక్క అంచె దాటేసినా నేను ఒప్పుకోను."

సెక్రటరీ గారు మాత్రం ససేమిరా అన్నారు.

"డ్రిల్లు పేరుతో ఆవిడ కింద పడితే? ఎవరమ్మా బాధ్యులు? నేను మంచికే చెప్తున్నాను."

"నిజంగా మంటలొస్తే అంకుల్?"

"ఇన్నేళ్ళలో వచ్చాయా?"

మైకు వెళ్ళి జట్టుని పోగేసి పని మొదలుపెట్టేసింది.

ఒకటో అంతస్తు మెట్ల మీద ఖాళీ కుర్చీ గాల్లో తేలినట్టు వచ్చేసింది. దాంతో నలుగురికీ కళ్ళు నెత్తికెక్కాయి. సిమెంటు బస్తా ఎక్కించాక మొదటి మలుపులోనే దిగిపోయాయి. పొడుగు ముందు పట్టుకుంటే కుర్చీ వెనక్కి పడబోయింది. వెనక పట్టుకుంటే ముందుకి తూలింది. వాడి ఎత్తుకి తగ్గ మెట్లు ఆ భవనంలో కట్టలేదు. చివరికి వెనక బస్తా, ముందు నర్సమ్మ, మెట్టు చెప్పడానికి పొడుగు అని తేలింది. నర్సమ్మ సన్నగా ఉంటుంది గానీ ఆస్పత్రిలో మనుషుల్ని మంచాల మీద తిప్పి తిప్పి ఆ చేతులకి బలం పట్టింది. అంత సిమెంటూ మోసి కిందికి దించాక బస్తా ఆ సంచీని తట్టి, "ఒక్క మాట కూడా అనలేదు, ఎంత మంచి పేషెంటో," అన్నాడు.

తర్వాత వంతు మైకుది.

కూర్చుంది. కట్టారు. కుర్చీ వెనక్కి వంగింది. కాళ్ళ కింద నేల పోయింది. కళ్ళ ముందు మెట్లన్నీ లోయలా కిందికి జారిపోతున్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. అవి వాటంతటవే రెయిలింగు మీదికి పోయాయి.

"చెయ్యి తియ్యవే, పడతాం!" నర్సమ్మ అరిచింది.

"దీని బరువంతా ఒకవైపే ఉంది," అన్నాడు బస్తా ఆమె తలమీదుగా.

"కొంచెం ఎడమకి తిప్పు. కాళ్ళు అడ్డమొస్తున్నాయి, లోపలికి నెట్టు," అన్నాడు పొడుగు.

"నన్నడగండ్రా! నేను ఇక్కడే ఉన్నాను!" అని మైకు పెట్టిన కేకకి మూడు అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో స్టవ్ ఆపకుండానే గరిట చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అంతమంది ముందు మైకు కట్టు విప్పించుకుంది. నవ్వుతూనే లేచింది గానీ మెట్ల మీద కాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

సాయంత్రం పిన్ని గది గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది.

"పిన్నీ, నిన్ను మోస్తామంటే నీకిష్టమేనా? ఇష్టమైతే ఎలా మోస్తే బాగుంటుంది?"

పిన్ని పేపర్ల కట్ట పక్కన పెట్టింది. 

"ఇలా కూర్చో," అంది పిన్ని. "మొదటిది, నా నెత్తి మీద మీరు మాట్లాడుకోకండి. ఏం చెప్పాలన్నా నాతో చెప్పండి. రెండోది, 'పాపం' అనే మాట వినపడిందంటే అక్కడే దిగిపోతాను."

"ఎలా దిగుతావ్?"

"అది నా తలనొప్పి. మూడోది, అడుగు ఎప్పుడెయ్యాలో నేను చెప్తాను. నాకు తాళం తెలుస్తుంది. ఆ పొడుగుకి తెలీదు, వాడికి ఏడో తరగతిలో నేనే చెప్పాను, అప్పుడూ అంతే."

వంటింట్లోంచి మైకు అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయమంతా విన్నట్టే ఉంది.

"నా చెల్లెల్ని సామానులా మెట్ల మీద దింపుతారా? నేను ఒప్పుకోను."

"ఎవరూ దింపట్లేదక్కా," అంది పిన్ని. "నేనే దిగుతున్నాను. వీళ్ళు కాళ్ళు అరువిస్తున్నారు, అంతే."

అమ్మ "ఛాతీ దగ్గర కట్టే బట్ట గట్టిదేనా?" అని అడిగి, సమాధానం వినకుండా లోపలికి వెళ్ళి, మంచం మీది మందపాటి దుప్పటి చించుకొచ్చింది. అది కొత్త దుప్పటి.

*

శనివారం పొద్దున పిన్నితో మొదటి ప్రయత్నం. అమ్మ కట్లు తనే వేసింది, రెండుసార్లు లాగి చూసింది. పిన్ని స్కూలుకి కట్టుకునే గడియారం కట్టుకుని, జుట్టు బిగించి దువ్వుకుని తయారైంది. కుర్చీ వెనక్కి వంగినప్పుడు ఆవిడ పెదాలు ఒక్క క్షణం తెల్లబడ్డాయి. మైకు అది చూసింది. నిన్న తన కళ్ళ ముందు జారిన మెట్లు గుర్తొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది.

"వద్దు. నీ పని నువ్వు చూడు," అంది పిన్ని. తర్వాత గొంతు సవరించుకుని, క్లాసులో అంకెలు చదివే గొంతుతో మొదలుపెట్టింది. "దిగు. ఆగు. దిగు. ఆగు. బస్తా, ఊపిరి బిగబట్టకు, వదులు. దిగు."

ఆ గొంతు తాళానికి ముగ్గురి అడుగులూ ఒకటైపోయాయి. నాలుగో అంతస్తు మెట్లు దిగారు. మూడోది దిగారు. రెండో అంతస్తు దగ్గర, మెట్లు మలుపు తిరిగే చోట, కుర్చీ ఆగిపోయింది.

అక్కడ సెక్రటరీ గారి చెప్పుల స్టాండు ఉంది. దాని పక్కన పూలకుండీలు. వాటి పక్కన ఎప్పుడో మూలపడేసిన ఇనప బీరువా. మామూలుగా మనుషులు పక్కకి ఒదిగి దిగిపోతారు. ఆ ఒదుగు అలవాటైపోయి, అక్కడ దారి ఇరుకన్న సంగతే ఎవరికీ పట్టలేదు. చార్టులో అక్కడ మైకు గీసిన బాణం చక్కగా తిన్నగా ఉంది.

కుర్చీ ఎటు తిప్పినా తిరగలేదు. బస్తా మెడ మీద నరాలు ఉబ్బుతున్నాయి. నర్సమ్మ మొహం ఎర్రబడింది.

"బెల్లు కొట్టవే," అంది పిన్ని.

తలుపు తెరుచుకుంది. సెక్రటరీ గారు సగం గడ్డం గీసుకుని ఉన్నారు. మిగతా సగం నురగ. గుమ్మం ఎదురుగా గాల్లో కుర్చీ, కుర్చీలో లెక్కల టీచరు.

"గుడ్ మార్నింగండీ," అంది పిన్ని, బడి వరండాలో ఎదురుపడినట్టు. "పొద్దున్నే ఇబ్బంది పెట్టాం. కొంచెం దారి కోసం ఆగాం."

ఆయన కుర్చీ వైపు చూశారు. స్టాండు వైపు చూశారు. పిల్లల చేతుల వైపు చూశారు. "ఆ స్టాండు... మేం ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే..." అని ఏదో అనబోయారు గానీ ఆ వాక్యం ఎటు పోవాలో ఆయనకే తోచలేదు. బస్తా మోచేతులు వణకడం మొదలైంది. సెక్రటరీ గారు గబగబా వంగి చెప్పులతో సహా స్టాండుని లోపలికి ఈడ్చేశారు. జోళ్ళు కొన్ని మెట్ల మీద పడి దొర్లాయి. కుండీలు ఒక్కొక్కటీ ఎత్తిపెట్టారు. బీరువా కదలలేదు. మైకూ అమ్మా చెరో పక్కా పట్టి తోస్తే కిర్రుమంటూ గుమ్మం దాటింది. గడ్డం నురగ కాస్తా బీరువాకి అంటుకుంది.

"చాలా థాంక్సండీ," అంది పిన్ని. "దిగు. ఆగు. దిగు."

కింద సిమెంటు నేల మీద కుర్చీ ఆనగానే బస్తా చాప మీద వెల్లకిలా పడిపోయాడు. నర్సమ్మ వాడి పక్కనే కూలబడింది. పొడుగు ఎందుకో చప్పట్లు కొట్టాడు. అమ్మ కట్లు విప్పుతూ, చెల్లెలి భుజం పదేపదే తడుముతోంది. పిన్ని వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది.

"ఈ మెట్ల గోడలకి నీలం రంగుందని నాకు తెలీనే తెలీదు," అంది.

*

ఆదివారం. మాస్టారు ఫైర్ స్టేషన్ నుంచి ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. వీధి అవతల పేవ్‌మెంటు మీద అందరూ చేరే చోటుకి తెల్ల సున్నంతో గీత గీశారు. గంట మోగిన వెంటనే వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపేయాలి, నిజంగా నిప్పంటుకున్నప్పుడు చేసేది అదే. లిఫ్టు ఎవరూ వాడకూడదని వారం నుంచీ మైకు ప్రతి తలుపూ తట్టి చెప్తూనే ఉంది. సెక్రటరీ గారు పిన్ని విషయంలో ఇక ఏమీ అనలేదు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పైకీ కిందికీ తిరుగుతూ అన్నీ సరిచూసుకుంటున్నారు.

గంట మోగింది.

మైకు గొంతు ఆ రోజు దాని పుట్టుకకి న్యాయం చేసింది. "బయటికి రండి! తలుపు మూసి రండి! తాళాలెయ్యకండి! కుడివైపు గోడ పట్టుకుని దిగండి!" తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు ముందు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. ఒకావిడ తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసింది. ఒకాయన టీవీ రిమోటు పట్టుకుని దిగాడు. ఎవరూ తోసుకోలేదు. ఎవరూ ఆగలేదు. ఎడమవైపు మెట్లన్నీ కుర్చీ కోసం ఖాళీగా ఉన్నాయి.

"దిగు. ఆగు. దిగు." పిన్ని గొంతు పైనుంచి వస్తోంది. దిగుతున్నవాళ్ళ కాళ్ళు కూడా తెలియకుండానే ఆ తాళంలో పడ్డాయి.

మూడో అంతస్తుకి వచ్చేసరికి దబదబమని చప్పుడు. ఎవరో ఇనుము మీద గుద్దుతున్నారు.

"ఎవరైనా ఉన్నారా? తలుపు! తలుపు తీయండి!"

ఆ చప్పుడు లిఫ్టులోంచి. పాత కాలం జాలీ తలుపు లిఫ్టు. మూడో అంతస్తు దాటి కొంచెం కిందికి దిగి, కరెంటు పోయి ఆగిపోయింది. జాలీ సందుల్లోంచి చూస్తే, నేలకి సమానంగా సెక్రటరీ గారి మొహం. చెమటతో మెరిసిపోతోంది. ఇస్త్రీ చొక్కా కాలరు గుండీ ఊడదీసుకున్నారు.

"టెర్రస్ తలుపు చూద్దామని పైకెళ్ళాను... గంట వినపడింది... కాళ్ళు అలవాటు కొద్దీ ఇందులోకి..." ఆయనకి మాట అందట్లేదు. ఊపిరి పీల్చడమే గానీ వదలడం కనిపించట్లేదు. "గాలాడట్లేదమ్మా! నాకు గుండె..."

బస్తా కుర్చీ దించి జాలీ పట్టుకుని లాగబోయాడు.

"లాగకు! బలవంతంగా తీస్తే కాలో చెయ్యో ఇరుక్కుంటుంది," నర్సమ్మ ఆపింది. "కరెంటు వస్తే అదే కదులుతుంది."

"పొడుగూ, పరుగెత్తు! వాచ్‌మన్‌కి చెప్పు!" అంది మైకు. పొడుగు అప్పటికే రెండేసి మెట్లు దూకుతున్నాడు. ఎట్టకేలకి వాడి కాళ్ళకి తగిన పని దొరికింది.

"పిన్నీ, నిన్ను ముందు కిందికి..."

"నన్ను ఆయన దగ్గరికి జరపండి," అంది పిన్ని.

జరిపారు. నిలబడ్డవాళ్ళెవరి మొహమూ ఆయనకి కనిపించట్లేదు, కాళ్ళు తప్ప. కుర్చీలో ఉన్న పిన్ని ఛాతీ కట్టు వదులు చేయించుకుని ముందుకి వంగేసరికి ఇద్దరి మొహాలూ దాదాపు ఎదురుబొదురయ్యాయి.

"సెక్రటరీ గారూ, నన్ను చూడండి. జాలీ వైపు కాదు, నా వైపు. గాలి ఈ సందుల్లోంచి బాగా వస్తోంది. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను. బ్యాంకులో పనిచేశారు కదా, పదిహేడో ఎక్కం చెప్పండి."

"ఏ... ఏంటీ?"

"పదిహేడో ఎక్కం. గట్టిగా. ఒక్కో వరసకీ ఊపిరి పూర్తిగా వదలాలి."

ఆయన మొహంలో భయం పక్కన ఆశ్చర్యం వచ్చి నిలబడింది. "పదిహేడు ఒకట్లు పదిహేడు..."

"వదలండి."

"పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి..."

మూళ్ళ దగ్గర గొంతులో వణుకు తగ్గింది. అయిదుల దగ్గర భుజాలు దిగాయి. నర్సమ్మ జాలీలోంచి వేళ్ళు దూర్చి ఆయన నాడి పట్టుకుని చూసి, పర్వాలేదన్నట్టు తలూపింది.

"పదిహేడు ఆర్లు తొంభై ఎనిమిది."

"కాదు. మళ్ళీ చెప్పండి."

"నూట... నూట రెండు!" అన్నారు సెక్రటరీ గారు. ఆ గొంతులో తరగతిలో మొదటి బెంచీ పిల్లవాడి గర్వం వినపడింది. మైకు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. తిరిగేసరికి బస్తా అప్పటికే ఆ గోడ దగ్గర నోట్లో పిడికిలి కుక్కుకుని ఉన్నాడు.

ఎక్కం పూర్తవకుండానే దీపం వెలిగింది. లిఫ్టు ఒక్క కుదుపుతో కదిలి రెండో అంతస్తుకి దిగి ఆగింది. కట్టు మళ్ళీ బిగించి కుర్చీని అక్కడికి చేర్చేసరికి ఆయన ఖాళీ అయిన తన గుమ్మం ముందు, నిన్నటిదాకా చెప్పుల స్టాండు ఉన్న చోట, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. కాలరు సరిచేసుకోలేదు.

"మీరు వెళ్ళిపోయి ఉండాల్సింది," అన్నారు పిన్నితో. "నా వల్ల మీ డ్రిల్లు పాడైంది."

"మీరు లోపలుండగా ఎలా వెళ్తామండీ? రండి. గోడ పట్టుకుని దిగండి," అంది పిన్ని. "దిగు. ఆగు."

ఆయన కుర్చీ పక్కనే, ఆ తాళానికే దిగారు.

వీధి అవతల సున్నం గీత వెనక భవనమంతా ఎదురుచూస్తోంది. అందరికంటే ఆఖరున బయటపడింది వీళ్ళే. మాస్టారు గడియారం చూసుకుంటూ ముందుకొచ్చారు.

"కరెంటు వేయమని కబురొచ్చింది. పైన ఏం జరిగింది? ఎందుకింత ఆలస్యం?"

సెక్రటరీ గారి మొహం నేల చూసింది. మైకు నోరు తెరవబోయింది. ఈలోపే పిన్ని అందుకుంది.

"ఇంకొకరు లోపలుండిపోయారని మధ్యలో తెలిసిందండీ. ఆగి తీసుకొచ్చాం."

ఎవరని మాస్టారు అడగలేదు. ఇస్త్రీ చొక్కానీ, తెరుచుకున్న కాలర్నీ ఒకసారి చూశారు. "అందరూ ఉన్నట్టేనా?" అన్నారు.

"అందరూ ఉన్నారు!" అంది మైకు. వీధి చివర కొట్టువాడు తల బయటపెట్టి చూశాడు.

"అయితే డ్రిల్లు అయినట్టే."

చప్పట్లు మొదలయ్యాయి. ఏ ఇంటి వాళ్ళో ఫ్లాస్కులతో టీ తెప్పించారు. ఎన్నో ఏళ్ళుగా ఒకే మెట్లెక్కి దిగుతున్నా ఒకరి పేరొకరికి తెలియని వాళ్ళు ఆ పేవ్‌మెంటు మీద పరిచయాలు చేసుకున్నారు. తువ్వాలు చుట్టుకున్నావిడ జుట్టు ఎండలో ఆరిపోయింది. ఒకటో అంతస్తు బామ్మగారు, గంట మోగగానే తలుపేసుకుని ఇంట్లోనే ఉండిపోదామనుకున్నానని ఒప్పేసుకుని, "వచ్చేసారి నాకూ ఆ కుర్చీ చూడండర్రా, నా మోకాళ్ళు నా మాట వినవు," అంది.

సెక్రటరీ గారు టీ కప్పు పట్టుకుని పిన్ని దగ్గరికి వచ్చారు. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కప్పు ఆవిడ చేతికిచ్చారు.

"మోసేవాళ్ళు చాలకపోతే... నేను బరువెత్తగలను. బ్యాంకులో ఉన్నప్పుడు వ్యాయామం చేసేవాణ్ణి."

"ఈ రోజే పనుంది, చేస్తారా?" అంది పిన్ని. టీ ఒక గుక్క తాగి, పక్కనే, పొద్దున్నే లిఫ్టులో కిందికి దించి ఉంచిన తన చక్రాల కుర్చీ సర్దుతున్న అక్క వైపు తల తిప్పింది. "నన్ను ఇందులోకి మార్చండి. ఆ చెక్క కుర్చీలో మా అక్కని కూర్చోబెట్టండి."

"నన్నా? నాకేం, నేను బానే నడుస్తానుగా!" అమ్మ వెనక్కి వెళ్ళింది.

"అదే కదా సంగతి. నాకు ఈ చక్రాలు వచ్చేదాకా, ఐదో తరగతి వరకూ, నన్ను చంకనేసుకుని బడికి మోసింది ఇది. వానలో, ఎండలో. తన పుస్తకాల సంచీ ఒక భుజానికి, నేను ఇంకో పక్కకి. దీన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ మోయలేదు," అని పిల్లల వైపు తిరిగింది. "చూస్తారేం? ముందు అడగండి."

"అమ్మా, మోయమంటావా?" అంది మైకు.

"పిచ్చిగా మాట్లాడకు, వీధిలో అందరూ..." అంటూనే అమ్మ నవ్వేసింది. ఆ నవ్వు ఔననే అని అందరికీ అర్థమైంది.

కట్లు పిన్నే వేసింది, రెండుసార్లు లాగి చూసింది. వెనక బస్తా. ముందు ఒక కాలు నర్సమ్మ, ఇంకో కాలు సెక్రటరీ గారు. కుర్చీ లేచింది. అమ్మ "అమ్మో!" అని కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోదీ. తన కాళ్ళు నేలకి ఎత్తులో ఊగడం చూసుకుని, గాల్లో ఒకసారి వాటిని ఆడించింది, చిన్నపిల్లలా.

"కుదురుగా కూర్చోండమ్మా," అన్నారు సెక్రటరీ గారు ఆయాసపడుతూ.

"ఎక్కడిదాకా?" అడిగాడు బస్తా.

"వీధి చివరిదాకా!" అంది అమ్మ.

మైకు అమ్మ గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. తన గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. చక్రాలు తిప్పుకుంటూ పిన్ని ముందు సాగింది, దారిలో ఉన్నవాళ్ళని పక్కకి జరగమంటూ.